కుడి దవడ చిరునవ్వు

ఆ మంగళవారం పొద్దున డ్రైవరు వేసుకున్న పథకంలో పెద్ద ఆశలేవీ లేవు. మధ్యాహ్నం దాకా బస్సు నడపాలి. భోజనాల వేళ పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి కుడివైపు చిట్టచివరి పన్ను పీకించుకోవాలి. ఆ ఖాళీలో దూది కుక్కుకుని మళ్ళీ వచ్చి స్టీరింగు పట్టుకోవాలి. అంతే. వారం రోజులుగా ఆ పన్ను అతన్ని కంటిమీద కునుకు వెయ్యనివ్వడం లేదు.

"లవంగం నొక్కిపెట్టండి. నోరు తెరవకండి, గాలి తగిలితే ఇంకా లాగుతుంది," అంది భార్య, డబ్బా చేతికిస్తూ.

"నేను నోరెప్పుడు తెరిచాను కనక?" అన్నాడతను, నోరు తెరవకుండానే.

అదీ నిజమే. అతను మాటల మనిషీ కాదు, నవ్వుల మనిషీ కాదు. డిపోలో అతన్ని ఆముదం అంటారు. మొదట్లో ఆముదం తాగిన మొహం అనేవారు. నగరంలో ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి తాగడం, మొహం రెండూ కాలక్రమాన రాలిపోయి ఆముదం మిగిలింది. పెళ్ళినాడు ఫోటోలు తీసినతను పెళ్ళికూతురి తండ్రిని చాటుకి పిలిచి, "అబ్బాయికి ఈ సంబంధం ఇష్టమేనాండీ?" అని అడిగాడట. ఇష్టమే. చాలా ఇష్టం. ఆ సంగతి ముఖానికి ఎవరూ చెప్పలేదంతే.

అతనికి కావలసింది ఒకటే, ఇంటి దగ్గరి డ్యూటీ. ఇప్పుడు నడిపే బస్సు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. పాప లేవకముందే అతను వెళ్ళాలి, పాప పడుకున్నాక రావాలి. వారానికొక సెలవుంది గాని అది పాపకి బడి ఉన్న రోజే వస్తుంది. పైగా ఆ రోజంతా అతను దుంగలా పడి నిద్రపోతాడు. ఇలా ఉండగా బళ్ళో టీచరు పిల్లలందర్నీ ఇంట్లోవాళ్ళ బొమ్మ వెయ్యమంది. పాప పొయ్యి దగ్గర నిలబడ్డ అమ్మని వేసింది, రెండు జడలతో తనని వేసుకుంది, కింద బారుగా, వెల్లకిలా, కళ్ళు మూసుకుని గుండెల మీద చేతులు పెట్టుకున్న నాన్నని వేసింది. ఆ మధ్యాహ్నమే టీచరు ఇంటికి ఫోను చేసింది.

"మీరు గుండె దిటవు చేసుకోవాలమ్మా. ఎప్పుడు జరిగింది?"

"ఏది?"

"అదే... పాప నాన్నగారు."

"ఆయనకేమండీ, బాగానే ఉన్నారు. డ్యూటీలో ఉన్నారు."

టీచరు గొంతు తగ్గించింది. "అలా అనుకుంటేనే మంచిదమ్మా," అని పెట్టేసింది.

ఈ సంగతి విన్న రోజు డ్రైవరు కంచం ముందు నుంచి సగంలో లేచిపోయాడు. వాళ్ళింటి సందు చివరే ఒక చిన్న డిపో ఉంది. అక్కణ్ణుంచి ఒక చిన్న సర్వీసు బయల్దేరి కోర్టు, పెద్దాసుపత్రి, శ్మశానం చుట్టుకుని, సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గూటికి చేరుతుంది. ఆ బస్సు ఇమ్మని డ్రైవరు మేనేజరుని అడగని నెల లేదు. కానీ ఆ సీట్లో కూర్చున్నది మేనేజరుగారి బావమరిది. అది ఖాళీ కావాలంటే బావమరిది రిటైరవ్వాలి, లేదా మేనేజరుకి విడాకులవ్వాలి. రెండూ దగ్గర్లో కనబడటం లేదు.

ఇక ఆ మంగళవారం సంగతి. బస్సు ఎక్కి మొదటి స్టాపు చేరేసరికి పన్ను విజృంభించింది. నరమేదో పట్టి లాగినట్టు కుడి పెదవి మూల పైకి పోయింది, బుగ్గ ఉబ్బింది, కుడి కన్ను సగం మూసుకుంది. బాధ ఓర్చుకోవడానికి పళ్ళు బిగబడితే ఉన్న పళ్ళన్నీ బయటపడ్డాయి. రోజూ ఎక్కే పెద్దావిడ మెట్టు మీద కాలుపెట్టి అలాగే ఆగిపోయింది.

"ఏం బాబూ, మళ్ళీ తండ్రివవుతున్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"సిగ్గుపడుతున్నాడర్రా," అని ఆవిడ బస్సంతటికీ చెప్పింది.

ఏళ్ళ తరబడి ఆముదాన్ని చూసినవాళ్ళు ఆ రోజు ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి చూశారు. చూసినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు చూసి వెనకవాళ్ళు నవ్వారు. కాలేజీ పిల్ల ఒకతె ఫోటో తీసి, "మా బస్సు అంకుల్ ఇవాళ ఇంత హ్యాపీ" అని పెట్టేసింది. అతని బస్సు ఇటు చివర్నుంచి అటు చివరికి వెళ్ళేలోపు ఆ ఫోటో నగరమంతా రెండు చుట్లు తిరిగింది.

అంతకు కొద్దిరోజుల ముందే నగరానికి నవ్వు అవసరం వచ్చిపడింది. ఇక్కడి జనం మరీ ఒత్తిడిలో బతుకుతున్నారని ఎవరో లెక్కతీసి చెప్పారట. దాంతో బస్సు సంస్థ చిరునవ్వు పక్షోత్సవాలు ప్రకటించింది. కిటికీలకి "మీరు నవ్వితే నగరం నవ్వుతుంది" అని కాగితాలు అంటించారు. నగరం నవ్వుతోందో లేదో ఆ కాగితాల మూలాన బయటికి కనబడటం మానేసింది. డ్రైవర్లు ఎక్కే ప్రతి మనిషికీ "మీ ప్రయాణం ఆనందంగా సాగాలి" అని చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. ఈ పని నెత్తినేసుకున్న ప్రచార అధికారిణి నవ్వే డ్రైవరు ఫోటో ఒకటి పంపమని డిపోలన్నిటినీ బతిమాలింది. వచ్చిన ఫోటోలన్నీ పోలీసు స్టేషను గోడకి అంటించేవాటిలా ఉన్నాయి. ఆవిడకి నిద్రమాత్రలు అలవాటయ్యాయి. ఆ స్థితిలో ఆవిడ చేతికి కాలేజీ పిల్ల ఫోటో దొరికింది.

భోజనాల వేళ డ్రైవరు పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉన్నాడు. కూర్చునే ఉన్నాడు. కౌంటరు దగ్గరమ్మాయి మూలిగేవాళ్ళని ముందు పంపిస్తోంది.

"మీకు తొందరేం లేదుగా అండీ, నవ్వుతూ ఉన్నారు," అంది.

అతను సమాధానం చెబుదామని చూస్తే పెదవి ఇంకాస్త పైకి పోయింది. "థాంక్సండీ, అందరూ మీలా ఉంటే ఎంత బాగుండు," అని ఆ అమ్మాయి ఇంకో ఇద్దర్ని లోపలికి పంపింది. చివరికి అతని వంతు వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, దీపం ముఖం మీదికి వచ్చాక జేబులో ఫోను మోగింది. మేనేజరు.

"ఎక్కడున్నావయ్యా?"

"పళ్ళ డాక్టరు దగ్గర సార్."

"పన్ను ముట్టుకున్నాడా?"

"ఇంకా లేదు సార్."

"ముట్టుకోనీయకు. ఉన్న మొహం ఉన్నట్టు పట్టుకొచ్చెయ్."

డిపోలో ప్రచార అధికారిణి అతన్ని చూసి లేచి నిలబడింది. మేనేజరు గదిలో ఒక డ్రైవరు కోసం ఎవరైనా లేచి నిలబడటం అదే మొదలు. మేనేజరు లేవాలో వద్దో తెలియక సగం లేచాడు.

"ఈ పక్షం రోజులూ నగరం ముఖం మీరే. ప్రతి బస్సు మీదా మీరే ఉంటారు. ముగింపు రోజు మేయరుగారు స్వయంగా సన్మానిస్తారు. చెప్పండి, మీకేం కావాలి?"

అతను ఆలోచించలేదు. "సందు చివరి డిపోలో చిన్న సర్వీసు, మేడం."

"అంతేనా? ఆ ఆర్డరు మేయరుగారి చేతులమీదుగా ఇప్పిస్తాను. ఒకటే షరతు. ఆ రోజు దాకా ఈ నవ్వు చెదరకూడదు."

మేనేజరు ముఖం అప్పుడు ఆముదం కన్నా ఆముదంగా ఉంది. డ్రైవరు మటుకు అబద్ధం ఆడే మనిషి కాదు.

"మేడం, ఇది నవ్వు కాదండి. పంటి నొప్పి."

ఆవిడ పడీపడీ నవ్వింది. "చూశారా, హాస్యం కూడా ఉంది," అంది మేనేజరుతో.

ఇంటికొచ్చి అతను ఈ కథంతా చెబితే భార్య గుమ్మం పట్టుకుని విన్నది. పన్నుంటే చిన్న సర్వీసు. పన్ను పోతే పెద్ద సర్వీసు. ఆవిడ డిగ్రీ చదువుకున్నది, ఈ లెక్క తేల్చడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"పక్షం రోజులేగా, ఓర్చుకోండి."

"నొప్పి నీకు తెలీదు."

"నాకు తెలీదా? నేనూ పడ్డాను నొప్పులు, దీన్ని కన్నప్పుడు. నా ఫోటో ఎవరూ బస్సుకి అంటించలేదు."

ఆ రోజు నుంచి ఇంట్లో మందుల లెక్క ఆవిడే చూసింది. మాత్ర వేసుకుంటే నవ్వు పోతుంది, వేసుకోకపోతే ప్రాణం పోతుంది. అందుకని పడుకునే ముందు అర మాత్ర, పగలు లవంగం కూడా బంద్. నొప్పి మరీ తగ్గినట్టుంటే బయల్దేరేముందు చల్లటి నీళ్ళు పుక్కిలించాలి. ఏడవలేక నవ్వడమంటారే, ఆ ముక్క ఎవరు పుట్టించారో గాని వాళ్ళకీ ఒక పన్ను సలిపే ఉంటుంది.

రెండు రోజుల్లో నగరంలోని ప్రతి బస్సు పక్కనా ఆముదం ముఖం నిలువెత్తున వెలిసింది. అతని బస్సు కోసం జనం తమ బస్సులు వదులుకుని నిలబడసాగారు. ఎక్కినవాళ్ళు ఊరుకోలేదు. అంత చల్లగా నవ్వే మనిషి కనబడితే ఎవరికి మాత్రం ఏడుపు రాదు? ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక రోజూ టై కట్టుకుని బస్సెక్కి తిరుగుతున్నాయన, మూడోసారి పరీక్ష తప్పిన కుర్రాడు, కోడలు మాట్లాడటం మానేసిన పెద్దావిడ, అత్తగారు మాట్లాడటం మొదలుపెట్టిన కోడలు, ఒక్కొక్క ఎర్రదీపం దగ్గర ఒక్కొక్కరు వచ్చి అతని వెనక కమ్మీ పట్టుకుని చెప్పుకున్నారు. నొప్పికి అతని కళ్ళ వెంట నీళ్ళు కారేవి. "నవ్వుతూనే మనకోసం ఏడుస్తున్నాడు, మహానుభావుడు," అనుకుని దిగిపోయేవారు. నగరంలో ఇంత దిగులుందని డ్రైవరుకి అంతకుముందు తెలీదు. ఇన్నాళ్ళూ అందరూ బాగున్నారనీ తానొక్కడే ఆముదమనీ అనుకున్నాడు. ఇప్పుడు పన్ను కింద ఇంకేదో కూడా సలపడం మొదలుపెట్టింది, దానికి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో తెలియలేదు.

ఇంటి దగ్గర వేరే గొడవ వచ్చింది. బడికి వెళ్తూ పాప బస్సు మీది బొమ్మ చూసింది. నవ్వుతున్న నాన్న. కళ్ళు తెరుచుకుని నిలబడ్డ నాన్న. పాప బాగా ఆలోచించుకుని ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంట్లో పడుకునే నాన్న ఒకరు, బస్సు మీద నవ్వే నాన్న ఇంకొకరు. బస్సు నాన్న పొద్దున కనబడతాడు, సాయంత్రం కనబడతాడు, పాప చెయ్యి ఊపితే నవ్వుతాడు. లిఫ్టు నిండా జనం ఉండగా పాప తల్లి చెయ్యి గుంజింది.

"అమ్మా, రెండో నాన్నని మనింటికి రమ్మను. మొదటి నాన్న పడుకున్నాక."

లిఫ్టులో అందరూ అంతస్తుల అంకెలకేసి చూడసాగారు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం దిగేటప్పుడు, "నువ్వేమీ అనుకోకమ్మా, మనసులో పెట్టుకుంటే బరువు. ఎప్పుడైనా చెప్పుకోవాలనిపిస్తే నేనున్నాను," అంది.

"చెప్పుకోవడానికి ఏముందండీ, ఇద్దరూ ఆయనే," అంది ఇల్లాలు.

ఆ జవాబుతో వ్యవహారం మరింత ముదిరింది. సాయంత్రానికల్లా కింద నీళ్ళ పంపు దాకా పాకింది.

పులి మీద పుట్రలా, డ్రైవర్లందరికీ ఆ నవ్వు నేర్పించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డిపోలో కుర్చీలు వేసి అందర్నీ కూర్చోబెట్టారు. ప్రచార అధికారిణి పక్కన నిలబడింది. ఆముదం ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, నేలకేసి చూస్తూ పాఠం మొదలెట్టాడు.

"ముందు కుడిపక్క పళ్ళు బిగించాలండి."

అందరూ బిగించారు.

"పెదవి మూల పైకి పోనివ్వాలి. కన్ను సగం మూయాలి. ఊపిరి గట్టిగా పీల్చకూడదు, గాలి తగులుతుంది."

"ఆ సమయంలో మనసులో ఏమనుకుంటారు?" అంది అధికారిణి.

"ఎప్పుడైపోతుందా అనుకుంటానండి."

"ఏది?"

అతను దవడ రాసుకున్నాడు. "అన్నీ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎంత వైరాగ్యముంటే ఆ నవ్వు వస్తుందో," అంది మేనేజరుతో. వెనక వరుసలోంచి ఎవరో, "మా ఇంటావిడ ముందు రోజూ నేననుకునేదీ అదే, నాకెందుకు రావట్లేదు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరి పళ్ళూ బిగుసుకుని ఉన్నాయి. ఆ తరగతిలో అందరికన్నా బాగా నేర్చుకున్నవాడు మేనేజరుగారి బావమరిది. సీటు పోతుందన్న బెంగ మనిషిని ఎంతటి పనిమంతుణ్ణయినా చేస్తుంది. అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసి చేసి, ఆఖరికి అసలు నవ్వు కన్నా అతని నవ్వే అసలుగా కనబడసాగింది.

ముగింపు రోజు తెల్లవారింది. డ్రైవరు కళ్ళు తెరిచి, ఏదో తేడాగా ఉందని పడుకునే ఆలోచించాడు. పన్ను నొప్పి లేదు. నాలుకతో తడిమాడు, లేదు. వేలితో నొక్కాడు, లేదు. లోపలినుంచి పెద్ద సంతోషం పొంగుకొచ్చి వంటింట్లోకి నడిచాడు.

"ఇదిగో, నొప్పి పోయింది."

"అబ్బ, ఎంత మంచి మాట," అని భార్య ఇటు తిరిగింది. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఎదురుగా ఆముదం నిలబడి ఉన్నాడు. పెళ్ళినాటి ఆముదం. ఒక్క బొట్టు తగ్గలేదు.

"ఏదీ, నవ్వండి."

"నవ్వుతున్నాను."

ఆవిడ పొయ్యి కట్టేసి పళ్ళ డాక్టరుకి ఫోను చేసింది. పాపం ఆయన నిద్రమత్తులోనే విన్నాడు.

"నరం చచ్చిపోయి ఉంటుందమ్మా. ఇక నొప్పి ఉండదు, సంతోషించండి. ఆ పన్ను తరవాత తీరిగ్గా తీసేద్దాం."

"మళ్ళీ బతకదా డాక్టరుగారూ?"

ఆయన నిద్రమత్తు వదిలిపోయింది. "ఏది బతకాలమ్మా?"

"నరం."

"ఇన్నేళ్ళలో నన్నిలా ఎవరూ అడగలేదు," అన్నాడాయన.

తరవాత ఆ వంటింట్లో జరిగింది చూస్తే పగవాళ్ళకైనా జాలి కలుగుతుంది. ఆవిడ ఐసు ముక్కలు తెచ్చింది, అతను కుడివైపు పెట్టుకుని నమిలాడు. వేడి పాలిచ్చింది, తాగాడు. పంచదార డబ్బా తీసి ఆ పంటి చుట్టూ దట్టించింది. పాప దాచుకున్న చాక్లెట్లు తెచ్చి అంటించింది. "ఏమైనా లాగుతోందా?" అని అడిగినప్పుడల్లా అతను తప్పుచేసినవాడిలా తల అడ్డంగా ఊపాడు. పక్షం రోజుల పాటు పోవాలని మొక్కుకున్న నొప్పిని ఇద్దరూ కలిసి రమ్మని బతిమాలారు. వెళ్ళిపోయిన చుట్టమైనా తిరిగొస్తాడేమోగాని అది రాలేదు.

"పోన్లే, గిల్లనా?" అంది ఆవిడ చివరికి. గిల్లింది. అతను "అబ్బా" అన్నాడు, ఆముదంగానే.

సభ డిపో ఆవరణలో జరిగింది. బుడగలు కట్టారు, వేదిక వెనక ఆముదం నిలువెత్తు బొమ్మ పెట్టారు. డ్రైవరు భార్య మూడో వరుసలో కూర్చుని రుమాలు మెలిపెడుతోంది. యూనిఫారాల్లో డ్రైవర్లంతా వేదిక మీద వరసగా నిలబడ్డారు. అందరి కుడి బుగ్గలూ ఒక్కలా పైకి లేచి ఉన్నాయి. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారన్నట్టు, మధ్యలో ఒక్కడే వేరుగా ఉన్నాడు. ప్రచార అధికారిణి అతని ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"నవ్వండి, డ్రైవరుగారూ."

"నవ్వుతున్నాను మేడం."

"ఎక్కడ?"

"లోపల."

మేయరు కారు దిగి మెట్లెక్కుతున్నాడు. మేనేజరు అదను చూసుకుని, ఆముదాన్ని మోచేత్తో వెనక వరుసలోకి తోసి, బావమరిదిని ముందుకి లాగాడు. మేయరు వెనకున్న బొమ్మని చూశాడు, ముందున్న బుగ్గని చూశాడు.

"పోస్టర్లో కన్నా కాస్త ఒళ్ళు చేశావే," అన్నాడు.

"ఆనందంలో ఉన్నాడండి," అన్నాడు మేనేజరు.

ఫోటోల వెలుతురులో పతకం బావమరిది మెళ్ళో పడింది. అధికారిణి నోరు తెరవబోయి మూసుకుంది. ఆవిడకీ ఉద్యోగముంది, ఇంటికెళ్ళి నిద్రపోవాలనీ ఉంది. ఆ తరవాత మేయరు డ్యూటీ ఆర్డరు చదివి వినిపించాడు, సందు చివరి డిపో, చిన్న సర్వీసు. తన సీటుని తానే మేయరు చేతుల మీదుగా అందుకున్న డ్రైవరు సంస్థ చరిత్రలో బావమరిది ఒక్కడే.

తిరిగొచ్చేటప్పుడు మొగుడూ పెళ్ళాం ఎక్కిన బస్సు పక్కన కూడా అతను నవ్వుతూనే ఉన్నాడు. రెండు స్టాపుల తరవాత ఆవిడ, "పోనీ లెండి, పన్నయితే తగ్గింది," అంది. అతను ఆ చచ్చిన పంటిని మర్నాడే పీకించేసుకుని, పెద్ద సర్వీసు ఎక్కాడు. కళ్ళు చీకట్లో తెరిచి, కళ్ళు చీకట్లో మూసి, మధ్యలో ఎర్రదీపాల దగ్గర ఆగుతూ బతికాడు. జనం కూడా అతని వెనక కమ్మీ వదిలేశారు. "ఏమో, సన్మానం అయ్యాక మనిషి మారిపోయాడు," అన్నది పెద్దావిడ.

నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? ఆ చేటు చిన్న సర్వీసు దాకా నడిచి వెళ్ళింది. ఆ బస్సు ఎక్కేవాళ్ళెవరు? కోర్టులో ఓడినవాళ్ళు, ఆసుపత్రిలో మనుషుల్ని వదిలి వస్తున్నవాళ్ళు, శ్మశానానికి పోయేవాళ్ళు. పక్షోత్సవాలైపోయినా పతకం వేసుకున్నవాడు నవ్వకపోతే బాగుండదని బావమరిది కుడి బుగ్గ దించలేదు. అసలు సంగతేమిటంటే దించుదామన్నా అది దిగడం మానేసింది. ఒకరోజు ఒక కుటుంబం తెల్లపూలు పట్టుకుని, ముసలాయన్ని సాగనంపడానికి ఎక్కింది. బావమరిది వాళ్ళలో ప్రతి ఒక్కరికీ పళ్ళన్నీ చూపించి, "మీ ప్రయాణం ఆనందంగా సాగాలి," అన్నాడు. నలుగురికి చెప్పేదాకా ఓర్చుకున్నారు. అయిదోవాడు పెద్దకొడుకు.

బావమరిది ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు, బాధలో కూడా నవ్వుతున్నాడని నర్సులు మెచ్చుకుంటున్నారు. ఆ రూటులో ఎంతటి ప్రయత్నం మీదైనా నవ్వలేని డ్రైవరుని వెంటనే వెయ్యమని మేయరు ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. మేనేజరు డిపోలన్నీ గాలించాడు. అందరూ ఆముదం దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్ళే, చెయ్యి ఊపితే చాలు బుగ్గలు లేస్తున్నాయి. నగరం మొత్తానికి నమ్మదగిన ముఖం ఒక్కటే మిగిలింది.

"రేపట్నుంచి చిన్న సర్వీసు నీది," అన్నాడు మేనేజరు, గోడకేసి చూస్తూ. "నవ్వావో, మళ్ళీ పాత రూటే."

"సరే సార్," అన్నాడు ఆముదం. అతను అప్పుడు నవ్వుతున్నాడు. అది మేనేజరుకి తెలియలేదు.

మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టేవేళకి డ్రైవరు ఇంటి గంట కొట్టాడు. ఈ గంట కొట్టడం గురించి అతను ఎన్నో ఎర్రదీపాల దగ్గర ఆలోచించుకుని ఉన్నాడు. పాప పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది. మెలకువగా ఉన్న పాప, మెలకువగా ఉన్న నాన్న. అతని ఒంట్లో ప్రతి నరమూ సంతోషంతో ఊగుతోంది, బతికున్నవన్నీ. పాప అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. తరవాత లోపలికి తిరిగి కేకేసింది.

"అమ్మా, పడుకునే నాన్న లేచొచ్చేశాడు."

"రానీ తల్లీ," అంది తల్లి లోపల్నుంచి.

"మరి నవ్వే నాన్నేడీ? బస్సు మీద కూడా లేడు. ఇప్పుడక్కడ నీళ్ళ సీసా బొమ్మ అంటించారు."

తల్లి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొగుడికేసి చూసింది. అతను వంగి, పాప కళ్ళల్లోకి చూసి తన శాయశక్తులా నవ్వాడు. పాప కింది పెదవి వణికింది.

"నాన్నకి కోపమొచ్చిందమ్మా."

"కోపం కాదు తల్లీ, అది..." అని తల్లి ఆగిపోయింది. అదేమిటో చెప్పడానికి ఆవిడ చదివిన డిగ్రీలో మాట లేదు.

పాప కాసేపు ఆలోచించింది. కోపమొచ్చిన నాన్నని ఏం చెయ్యాలో దానికి తెలీదుగాని పడుకున్న నాన్నతో బాగా అలవాటే. వేలు పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళింది. "పడుకో," అంది. అతను పడుకున్నాడు. "కళ్ళు," అంది. మూసుకున్నాడు. చేతులు తనే ఎత్తి గుండెల మీద సర్దింది. ఇప్పుడు నాన్న మామూలుగా ఉన్నాడు. పాప పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, బళ్ళో ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరి రబ్బరు పోయిందో, బస్సు నాన్న ఎంత మంచివాడో అన్నీ చెప్పింది. అతను రెప్ప కదపకుండా విన్నాడు.

పాప మెలకువగా ఉండగా ఇంట్లో ఉండాలన్న డ్రైవరు కోరిక ఆ సాయంత్రం అక్షరాలా నెరవేరింది.